స్పేస్ స్టేషన్ నుంచి మా చేపల చెరువు కనబడుతుందా?

పోయిన నెల ఇదే పేజీలో మబ్బుల గురించి రాస్తూ, స్పేస్ స్టేషన్ కిటికీలోంచి వ్యోమగాములు తీసిన ఫొటో ఒకదాన్ని మాటవరసకి ప్రస్తావించాను. మబ్బుల మీద వచ్చిన ఉత్తరాలకంటే ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే ఎక్కువ. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేద్దాం. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకరిదే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాకు చేపల చెరువులున్నాయి, ఒక్కోటి పదెకరాలు. అంతరిక్ష కేంద్రం మా మీదుగా వెళ్లినప్పుడు ఆ చెరువు వాళ్లకి కనబడుతుందా? నాన్నగారితో పందెం వేశాను. – డిగ్రీ విద్యార్థిని, భీమవరం

జవాబు: పందెం ఎటువైపు వేశారో రాయలేదు కాబట్టి ఇద్దరికీ సగం సగం గెలుపు ఇచ్చేస్తాను. స్టేషన్ సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. మీ ఊరి నుంచి హైదరాబాద్ బస్సు దాదాపు అంతే దూరం పోతుంది, కాకపోతే ఇది నిలువుగా. చూపు బాగున్న మనిషికి అంత దూరం నుంచి నూరు మీటర్లకు అటూ ఇటూగా ఉన్నవే విడిగా తెలుస్తాయి. పదెకరాల చెరువంటే చతురస్రంగా ఉంటే పక్కకి 200 మీటర్లు, కాబట్టి ఉత్త కంటికి అది ఒక చుక్క, అంతే. ఎండ సరైన కోణంలో పడి నీళ్లు తళుక్కుమంటే ఆ చుక్క తెలుస్తుంది, లేకపోతే పక్కనున్న వరిచేలో కలిసిపోతుంది. ఇక్కడిదాకా ఎవరు గెలిచారో మీరే చూసుకోండి.

కెమెరా చేతికొస్తే కథ మారుతుంది. అక్కడ 400 మిల్లీమీటర్లు, 800 మిల్లీమీటర్ల లెన్సులు వాడతారు (ఈ అంకె ఎంత పెద్దదైతే దూరపువి అంత దగ్గరగా కనిపిస్తాయి). నికాన్ డి5 లాంటి కెమెరాకి 800 లెన్సు తగిలించి సరిగ్గా కిందికి గురిపెడితే, ఫొటోలో ఒక్కో పిక్సెల్ నేల మీద రమారమి మూడు మీటర్లను పట్టుకుంటుంది (లెక్క నేనే వేశాను, కావాలంటే మీ ఫిజిక్స్ మాస్టారికి చూపించండి). అంటే మీ చెరువు ఫొటోలో అరవై పిక్సెళ్లకు పైగా వెడల్పు ఉంటుంది. గట్లు, పక్క రోడ్డు తెలుస్తాయి. రోడ్డు మీద చేపల లారీ ఉంటే రెండు మూడు పిక్సెళ్లు, అది లారీ అని మీరు చెబితే తప్ప ఎవరూ అనుకోరు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు కనబడవు.

అసలు కష్టం వేరే ఉంది. కిటికీలోంచి చూసేవాడికి కింద ఊరి పేర్లు రాసి ఉండవు కదా. స్టేషన్ ఒక్కోసారి నైరుతి నుంచి ఈశాన్యానికి వెళుతుంది, ఒక్కోసారి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. నైరుతి నుంచి వచ్చే దారి విచిత్రంగా మన కోస్తా ఎంత వాలుగా ఉందో ఇంచుమించు అంతే వాలుగా ఉంటుంది, సముద్రం గట్టు పట్టుకుని నడిచినట్టు. తడ దగ్గర మొదలుపెడితే ఇచ్ఛాపురం దాటడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాల్లో పులికాట్ చూసి, కృష్ణ డెల్టా చూసి, కొల్లేరు గుర్తుపట్టి, దాని పక్కనే గళ్లగళ్లుగా ఉన్న చెరువుల్లో మీది వెతికి, ఫోకస్ చేసి, నొక్కాలి. ఆ లోపు మబ్బు అడ్డం రాకూడదు. వచ్చే జూలైలో మాత్రం పందెం వేయకండి.

ప్రశ్న: నేను వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్‌ని. బారాత్‌లో డాన్స్ చేసేవాళ్లనే షేక్ లేకుండా తీయడానికి చచ్చిపోతున్నాం, సెకనుకు ఏడు కిలోమీటర్లు పోయే బండిలోంచి అంత క్లియర్‌గా ఎలా వస్తున్నాయి? ఏ సెట్టింగ్స్ పెడతారు? – సూర్యాపేట

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, మిగతావాళ్లు ఓపిక పట్టండి.

మీరన్న స్పీడు కరెక్టే. కిటికీ కింద నేల సెకనుకు ఏడు కిలోమీటర్ల చొప్పున జారిపోతుంటుంది. షట్టర్ స్పీడు సెకనులో వెయ్యో వంతు పెట్టినా ఆ కాస్త సమయంలోనే నేల ఏడు మీటర్లు జరిగిపోతుంది. వైడ్ లెన్సుకి ఏడు మీటర్లంటే లెక్కలోకి రాదు. 800 లెన్సుకి మాత్రం, పైన భీమవరం అమ్మాయికి చెప్పిన లెక్క ప్రకారం, రెండు పిక్సెళ్లకు మించి గీత పడుతుంది, ఫొటో మెత్తగా వస్తుంది. మందు మీకు తెలిసిందే, ప్యానింగ్. పరిగెత్తే గుర్రం మీద పెళ్లికొడుకుని తీసేటప్పుడు కెమెరాని గుర్రంతో పాటు తిప్పుతారే, అదే. నడినెత్తిన వెళ్లేటప్పుడు కెమెరాని సెకనుకు ఒక డిగ్రీ చొప్పున తిప్పుతూ ఉండాలి. ఒక డిగ్రీ అంటే చెయ్యి చాచి చిటికెన వేలు నిలబెడితే ఆ వేలి మందం. అంత నెమ్మదిగా, అంత సమంగా, కుదుపు లేకుండా తిప్పడం చేత్తో చేసే పని. కొత్తగా వెళ్లినవాళ్ల మొదటి వారం ఫొటోలు చాలావరకు చెత్తబుట్టకే పోతాయంటే నేను నమ్ముతాను.

మీరు కుళ్లుకోవాల్సిన సంగతి ఒకటుంది. అక్కడ ఆ పెద్ద లెన్సుకి బరువుండదు. మన దగ్గర మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా పట్టుకుంటే పది నిమిషాలకి భుజం పడిపోతుంది, వాళ్లు రెండు వేళ్లతో పట్టుకుంటారు. అలాగని పూర్తి సుఖమూ లేదు. బరువు లేకపోయినా జడత్వం ఎక్కడికీ పోదు, లెన్సుని ఒకవైపు నెడితే అది ఆగదు, మిమ్మల్ని కూడా లాక్కుపోతుంది. కాళ్లు నేల మీద ఆనవు కాబట్టి పాదాలను గోడకున్న కమ్మీల కింద ఇరికించుకుని నిలబడతారు. లెన్సు క్యాపు వదిలేస్తే కింద పడదు, కానీ తర్వాత ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

రాత్రి ఫొటోలు ఇంకా కష్టం. ఊరి దీపాలు పడాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరవాలి, తెరిస్తే గీతలు పడతాయి. ఇక్కడ డాన్ పెటిట్ పేరు చెప్పకపోతే పాపం తగులుతుంది. నాసా వ్యోమగామి, కెమికల్ ఇంజినీర్, చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే ఊరుకోని మనిషి. 2002-03లో స్టేషన్‌లో ఉన్నప్పుడు అక్కడ పడి ఉన్న విడిభాగాలతో, ఒక పాత ఐమాక్స్ కెమెరా స్టాండు ముక్కతో, కరెంటు స్క్రూడ్రైవర్‌తో, ఊళ్లు జారిపోయే వేగానికి కెమెరా తిరిగేలా ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. నగరాల వీధులు రాత్రి పూట స్పష్టంగా పడ్డ తొలి ఫొటోలు అలా వచ్చాయి. మీ ఊళ్లో పాత మోటార్‌తో కెమెరాని సమంగా జరిపే స్లైడర్ చేసుకున్న కుర్రాడు ఎవరైనా ఉంటే వాడిదీ ఇదే జాతి. తర్వాత 2012లో యూరప్ వాళ్లు నైట్‌పాడ్ అని మోటారుతో తిరిగే స్టాండు పంపారు. పెటిట్ మళ్లీ 2024 సెప్టెంబర్‌లో వెళ్లి, ఈసారి నక్షత్రాలను వెంబడించే ఇంకో పరికరం పట్టుకెళ్లి, 2025 ఏప్రిల్ 20న సరిగ్గా తన డెబ్బయ్యో పుట్టినరోజున దిగాడు. ఈ వయసులో, ఈ పిచ్చితో. నాకు ఈర్ష్యగా ఉంటుంది.

సెట్టింగ్స్ అడిగారు. పగలు తీసేటప్పుడు మన మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినట్టే, వెయ్యో వంతు చుట్టుపక్కల షట్టర్, తక్కువ ఐఎస్‌ఓ. మబ్బులు, మంచు తెల్లగా కాలిపోకుండా కాస్త అండర్ (తక్కువ వెలుగు పడేలా) పెట్టుకుంటే మంచిది, పట్టుచీర జరీ తీసేటప్పుడు మీరు చేసినట్టే. కెమెరాలకు మాత్రం ఆయుష్షు తక్కువ. కాస్మిక్ కిరణాలు సెన్సర్‌ని పొడుస్తూ ఉంటాయి, పొడిచినచోట పిక్సెల్ పాడై రాత్రి ఫొటోలో ఎర్రటి, నీలి చుక్కగా మిగిలిపోతుంది. చుక్కలు మరీ ఎక్కువైతే కొత్త కెమెరా పంపుతారు, 2024 జనవరిలో నికాన్ జెడ్9లు అలా వెళ్లినవే. పాతవి కిందికి తేవడం ఖర్చు, చెత్త నింపిన సరుకు నౌకతో పాటే వాతావరణంలో కాలిపోతాయి. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయేమోనని ఆశ పెట్టుకోకండి.

ఒకటి చెప్పి వదిలేస్తాను. 1962 ఫిబ్రవరిలో అమెరికా తరఫున మొదటిసారి భూమి చుట్టూ తిరిగిన జాన్ గ్లెన్ పట్టుకెళ్లిన కెమెరా, ఫ్లోరిడాలో ఒక మందుల షాపులో నలభై డాలర్లకు కొన్న ఆన్‌స్కో ఆటోసెట్. గ్లోవ్స్‌తో నొక్కడానికి వీలుగా దానికి పిస్తోలు పిడి బిగించారు. అదే ఏడాది అక్టోబర్‌లో వెళ్లిన వాలీ షిరా మాత్రం హ్యూస్టన్‌లో హాసెల్‌బ్లాడ్ కెమెరా కొనుక్కుని వెళ్లాడు, అక్కడి నుంచి ఆ బ్రాండు దశ తిరిగింది.

ప్రశ్న: దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం అని రంగురంగుల ఫొటో ఏటా మా వాట్సాప్ గ్రూపులో వస్తోంది. నిజమేనా? నేను ఫేక్ అన్నందుకు ఒకాయన నాతో మాట్లాడటం మానేశారు. – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మీరే కరెక్ట్ మాస్టారూ, కానీ ఆయనతో కొంచెం మెత్తగా ఉండండి, ఎందుకంటే ఆ బొమ్మ పూర్తిగా కల్పితం కూడా కాదు. అది అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ ఉపగ్రహాల సమాచారంతో 2003లో తయారుచేసిన పటం. 1992కు ముందే వెలుగున్న చోట్లకు తెలుపు, ఆ తర్వాత కొత్తగా వెలుగు వచ్చిన చోట్లకు ఏడాదిని బట్టి నీలం, ఆకుపచ్చ, ఎరుపు వేశారు. జనాభా, కరెంటు ఎలా విస్తరించాయో చూపించే పటం అది. దాన్ని ఎవరో దీపావళి చేసేశారు. రంగులు చూడగానే మతాబులు గుర్తొచ్చాయి కాబోలు.

నాసా వాళ్లు ఈ గోల భరించలేక 2012 నవంబర్ 12 రాత్రి సువోమి ఎన్‌పీపీ ఉపగ్రహం తీసిన అసలు చిత్రం విడుదల చేసి, దీపాల వల్ల పెరిగే వెలుగు ఆ ఎత్తు నుంచి పట్టుకోలేనంత తక్కువని వివరించారు. మన ప్రమిదలు, చిచ్చుబుడ్లు అన్నీ కలిపినా వీధిదీపాల ముందు లెక్కలోకి రావన్నమాట.

గ్రూపులో పెట్టడానికి మీకో నిజమైన ఫొటో చెబుతాను. 2015 సెప్టెంబర్ 23న స్టేషన్ నుంచి 28 మిల్లీమీటర్ల లెన్సుతో తీసింది, నెంబర్ ఐఎస్ఎస్045-ఇ-27869. అందులో భారత్ – పాకిస్తాన్ సరిహద్దు నారింజ రంగు దారంలా పాములా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. కంచె వెంట మనవాళ్లు వేసిన ఫ్లడ్‌లైట్ల వెలుగు అది. అంతరిక్షం నుంచి చూస్తే దేశాల మధ్య గీతలుండవని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. పగలు అది చాలావరకు నిజమే, రాత్రి మాత్రం ఈ గీత ఉంటుంది.

ప్రశ్న: వాళ్లు తీసిన ఫొటోల్లో ఆకాశం నల్లగా ఉంటుంది, కానీ చుక్కలు ఒక్కటీ ఉండవు. మా ఫ్రెండు అందుకే అవన్నీ స్టూడియోలో తీశారంటున్నాడు. – తొమ్మిదో తరగతి, ఖమ్మం

జవాబు: నాన్నా, ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ ఫొటోలు చూశావా? ఆకాశం నల్లగా ఉంటుంది, చుక్కలు ఉండవు. మ్యాచ్ స్టూడియోలో ఆడారా? ఎండలో మెరిసే భూమిని తీయడానికి షట్టర్ రెప్పపాటులో పదో వంతు కూడా తెరవరు, చుక్కలు పడాలంటే సెకన్ల తరబడి తెరిచి ఉంచాలి. రెండూ ఒకే ఫొటోలో ఇమడవు. స్టేషన్ భూమి నీడలోకి వెళ్లినప్పుడు తీసిన ఫొటోల్లో పాలపుంత సైతం కనిపిస్తుంది, వాటిని నీ ఫ్రెండుకి చూపించు. స్టేషన్ రోజుకు పదిహేనున్నర సార్లు భూమి చుట్టూ తిరుగుతుంది కాబట్టి అక్కడ రాత్రులకు కొదవ లేదు.

ప్రశ్న: గ్రహం మొత్తం గుండ్రంగా ఎందుకు రాదు? అంచు మాత్రమే వంపుగా కనిపిస్తుంది. – వరంగల్

జవాబు: ఫుట్‌బాల్ తెచ్చుకోండి. దాన్ని భూమి అనుకుంటే స్టేషన్ దాని మీద 7 మిల్లీమీటర్ల ఎత్తులో తిరిగే చీమ. చీమకి బంతి మొత్తం ఎలా కనిపిస్తుంది? 400 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూపు నలుదిక్కులా సుమారు 2,300 కిలోమీటర్ల దాకా పోతుంది, అంతే. అయినా తక్కువేం కాదు, హైదరాబాద్ నెత్తి మీద ఉన్నప్పుడు ఒకవైపు హిమాలయాలు, ఇంకోవైపు శ్రీలంక రెండూ చూపు మేరలోనే ఉంటాయి. బంతి మొత్తం కావాలంటే చాలా దూరం పోవాలి. 1972 డిసెంబర్ 7న అపోలో 17 వాళ్లు చంద్రుడి దారిలో తీసిన ప్రసిద్ధ ఫొటో రమారమి 29 వేల కిలోమీటర్ల దూరం నుంచి తీసింది.

ప్రశ్న: చైనా గోడ కనిపిస్తుందా? – ముగ్గురు వేర్వేరు పాఠకులు

జవాబు: కంటికి కనబడదు. 2003లో చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లీవెయ్ స్వయంగా తనకు కనబడలేదన్నాడు, పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నవాళ్లకి అది మింగుడుపడలేదు. 2004 నవంబర్‌లో అమెరికా వ్యోమగామి లెరాయ్ చియావ్ స్టేషన్ నుంచి 180 లెన్సుతో తీసిన ఫొటోలో గోడ ముక్కలు సన్నగా ఉన్నాయని తర్వాత నిపుణులు తేల్చారు. తీసిన ఆయనకే తీసేటప్పుడు గోడ పడిందో లేదో తెలియదు. గోడ పొడుగు ఎంతుంటే ఏం లాభం, వెడల్పు కొన్ని మీటర్లే, పైగా రంగు చుట్టూ ఉన్న మట్టి రంగే.

ప్రశ్న: ఆ కిటికీ అద్దాలు మురికి పట్టవా? మా ఇంట్లో వారానికోసారి తుడిచినా వేలిముద్రలే. – గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, పడతాయి. లోపలివైపు వేలిముద్రలు, ముక్కు ముద్రలు, నుదుటి ముద్రలు అన్నీ పడతాయి, తుడవడం అక్కడా ఇంటిపనుల్లో ఒకటే. ఎక్కువ ఫొటోలు తీసే చోటు పేరు క్యుపోలా. ఇటలీలో తయారై 2010 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్‌లో వెళ్లి స్టేషన్ కడుపు కింద తగిలించిన ఏడు కిటికీల గూడు అది. చుట్టూ ఆరు, మధ్యలో 80 సెంటీమీటర్ల గుండ్రటి అద్దం ఒకటి. ఒక్కో కిటికీకి నాలుగు పొరల అద్దాలుంటాయి. అన్నిటికంటే లోపలిది గీతలు పడితే పడనీ అని వేసింది, మధ్యలో రెండు మందపాటివి గాలి ఒత్తిడిని ఆపేవి, బయటిది దెబ్బలు కాచుకునేది. పని లేనప్పుడు బయట తలుపులు మూసేస్తారు, మనం ఎండకి తలుపులు దగ్గరగా వేసినట్టు.

బయటివైపు మామూలుగా తుడవరు. 2016లో బ్రిటిష్ వ్యోమగామి టిమ్ పీక్ ఒక ఫొటో పెట్టాడు, క్యుపోలా అద్దం మీద 7 మిల్లీమీటర్ల గుండ్రటి పెచ్చు లేచిపోయింది. కొట్టింది రాయి కాదు, మిల్లీమీటర్లో వెయ్యో వంతుల్లో ఉండే రంగు పెచ్చో లోహపు రజనో అయి ఉంటుందన్నారు. ఆ వేగంలో రజను కూడా రాయే. ఇంకో తలనొప్పి లోపలి దీపాలు. బస్సులో రాత్రి కిటికీలోంచి చూస్తే మన మొహమే కనిపిస్తుంది కదా, అక్కడా అంతే. అందుకే దీపాలు ఆర్పి, నల్లగుడ్డ కప్పుకుని, పాతకాలం స్టూడియో ఫొటోగ్రాఫర్‌లా లోపల దూరి తీస్తారు.

ప్రశ్న: ఉపగ్రహాలు ఇన్ని ఉండగా మనుషులు ఫొటోలు తీయడం దేనికి? తుపానుల టైమ్‌లో పనికొస్తాయా? – విశాఖపట్నం

జవాబు: నిజాయితీగా చెప్పాలంటే తుపాను ఎటు వస్తుందో చెప్పడానికి ఈ ఫొటోలు పెద్దగా అక్కర్లేదు. దానికి 36 వేల కిలోమీటర్ల ఎత్తులో మన మీదే నిలబడి చూస్తున్న ఇన్సాట్‌లు ఉన్నాయి. తుపాను కన్ను ఫొటో చూసి మనం అబ్బా అనుకుంటాం, వాతావరణ శాఖ వాళ్లు తమ పని తాము చేసుకుపోతారు.

కానీ మనిషికి ఉపగ్రహానికి లేని గుణం ఒకటుంది, తల తిప్పి చూడటం. ఉపగ్రహాలు ఎక్కువగా పెట్టిన టైముకి, పెట్టిన కోణంలో తీసుకుంటూ పోతాయి. 2006 మే 23న స్టేషన్‌లో ఉన్న వ్యోమగామి జెఫ్ విలియమ్స్ అలాస్కా దగ్గర్లో ఒక దీవి మీద బూడిద లేవడం చూసి, ఫొటోలు తీసి, కిందికి కబురు చేశాడు. క్లీవ్‌లాండ్ అగ్నిపర్వతం బద్దలైన సంగతి అక్కడి అబ్జర్వేటరీకి అలా తెలిసింది. 2009 జూన్ 12న కురిల్ దీవుల్లో సారిచెవ్ అగ్నిపర్వతం బద్దలైన మొదటి ఘడియల్లోనే స్టేషన్ దాని మీదుగా పోయింది. బూడిద స్తంభం, దాని నెత్తిన తెల్లటి టోపీ లాంటి మబ్బు, చుట్టూ మబ్బుల్లో గుండ్రటి కంత... అది ఏటవాలుగా తీసిన ఫొటో కాబట్టే స్తంభం ఎత్తు తెలిసింది.

రాత్రి ఫొటోలది ఇంకో ఉపయోగం. వీధిదీపాల రంగు తేలిగ్గా తెలుస్తుంది. మిలాన్ నగరాన్ని 2012లో తీసినప్పుడు అంతా నారింజ రంగు. సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు వేశాక 2015లో తీస్తే ఊరి నడిబొడ్డు తెల్లబారిపోయింది, శివార్లు మాత్రం ఇంకా నారింజే. మాడ్రిడ్‌లోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి రాత్రి ఫొటోల్లో ఏ ఊరు ఏదో జనం చేత గుర్తుపట్టించి పటాలు గీశారు, ఎందుకంటే ఫొటోలైతే వచ్చిపడ్డాయి కానీ చాలావాటికి ఊరి పేరు రాసి లేదు.

ప్రశ్న: మనవాళ్లెవరైనా తీశారా? అంటే భారతీయులు, తెలుగువాళ్లు. – హైదరాబాద్

జవాబు: తెలుగువాళ్లెవరని అడగకపోతే మన ఉత్తరం కాదు కదా. 1984 ఏప్రిల్‌లో సోవియట్ వాళ్ల సాల్యూట్-7 స్టేషన్‌లో దాదాపు ఎనిమిది రోజులున్న రాకేశ్ శర్మ పనుల్లో టెర్రా అనే ప్రయోగం ఒకటి. తూర్పు జర్మనీలో చేసిన ఆరు రంగుల పట్టీల ఎంకేఎఫ్-6ఎం కెమెరాతో, కేట్-140 అనే ఇంకో కెమెరాతో మన దేశాన్ని ఫొటోలు తీశారు. ఇందిరాగాంధీతో ఆయన అన్న మాట అందరికీ గుర్తుంది, ఈ ఫొటోల పని ఎవరికీ గుర్తులేదు. ఆయన పుట్టింది పటియాలాలో అయినా చదివింది మీ ఊళ్లోనే, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, ఆ తర్వాత నిజాం కాలేజీ.

రాజా చారి తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన ఇంజినీరు. చారి క్రూ-3 కమాండర్‌గా 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా స్టేషన్‌లో ఉన్నాడు. 2025 జూన్ 25న యాక్సియమ్-4లో బయల్దేరి జూలై 15న దిగిన శుభాంశు శుక్లా క్యుపోలాలో కూర్చుని తీసుకున్న ఫొటోలు పేపర్లన్నిటిలో వచ్చాయి. పాపం ఆయన వెళ్లింది నడి వానాకాలంలో. పద్దెనిమిది రోజులు కిటికీ దగ్గర కూర్చున్నా మన దేశం మీద మబ్బులే ఎక్కువ.

సునీతా విలియమ్స్‌ది వేరే రికార్డు. 2006 డిసెంబర్‌లో స్పేస్‌వాక్‌లో ఉండగా ఆవిడ కెమెరా బిగింపు ఊడి అలా తేలుతూ వెళ్లిపోయింది. సిగ్గుపడాల్సిందేం లేదు, 1966లో జెమిని 10 నుంచి బయటికొచ్చిన మైకేల్ కాలిన్స్ తన హాసెల్‌బ్లాడ్‌ని అలాగే పోగొట్టుకున్నాడు. నేనొకసారి ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి లెన్సు హుడ్ గోదాట్లో వేశాను, నా బాధ నాది.

ప్రశ్న: మా తెలుగు సంఘం క్యాలెండర్‌కి గోదావరి డెల్టా ఫొటో వేయాలనుకుంటున్నాం. నాసాకి డబ్బు కట్టాలా? – డల్లాస్

జవాబు: అక్కర్లేదు. నాసా ఫొటోలకు మామూలుగా కాపీరైట్ ఉండదు, నాసా అని క్రెడిట్ వేస్తే చాలు. నాసా ముద్ర మాత్రం వేయకండి, నాసా మీ సంఘాన్ని మెచ్చుకున్నట్టు రాయకండి, వ్యోమగాముల మొహాలు ప్రకటనలకు వాడకండి. యూరప్ వ్యోమగాములు తీసి యూరప్ సంస్థ పెట్టినవాటికి షరతులు వేరు, అవి చదువుకోండి. ఎక్కడ వెతకాలంటే, మీకు నాలుగ్గంటల దూరంలో హ్యూస్టన్‌లో ఉన్న జాన్సన్ స్పేస్ సెంటర్ వాళ్లు గేట్‌వే టు ఆస్ట్రోనాట్ ఫొటోగ్రఫీ ఆఫ్ ఎర్త్ అని సైటు నడుపుతున్నారు. స్టేషన్ ఫొటోలే 30 లక్షలకు పైగా ఉన్నాయి. మ్యాప్ మీద వెతికితే పని తేలిక. వెడల్పు లెన్సువి చూడండి, డెల్టా మొత్తం అందులోనే పడుతుంది. డిసెంబర్, జనవరిలో తీసినవైతే మబ్బు తక్కువ. భీమవరం అమ్మాయి కూడా ఇక్కడే వెతుక్కోవచ్చు.

ప్రశ్న: వాళ్లు మనల్ని తీస్తున్నారు సరే, మనం వాళ్లని తీయొచ్చా? నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. – కర్నూలు

జవాబు: ఫోన్ చాలు. స్టేషన్ మన మీదుగా వెళ్లే టైమ్ నాసా వాళ్ల స్పాట్ ద స్టేషన్ యాప్ చెబుతుంది. పొద్దుగూకిన తర్వాత గంటా గంటన్నరలోనో, తెల్లవారకముందో వచ్చేవి మాత్రమే లెక్క. అప్పుడు మనం చీకట్లో ఉంటాం, అంత ఎత్తున ఉన్న స్టేషన్ మీద ఇంకా ఎండ పడుతుంటుంది. విమానంలా మిణుకుమిణుకుమనదు, శుక్రుడంత వెలుగుతో నిలకడగా పోయే చుక్క. ఎక్కువలో ఎక్కువ ఆరు నిమిషాలు. ఫోన్‌ని ఇటుకకు ఆనించి, నైట్ మోడ్‌లో పది సెకన్లకు తక్కువ కాకుండా పెట్టి, టైమర్‌తో నొక్కండి. వేలితో నొక్కితే కదిలిపోతుంది. వెలుగు గీత ఒకటి పడుతుంది. ముందుగా ఏదో ఒక చుక్క మీద ఒకటి తీసి చూసుకోండి. నేను మొదటిసారి డాబా ఎక్కి అరగంట దోమలతో కుట్టించుకుని, తీరా అది వచ్చాక నా కెమెరా నొక్కితే, మెమరీ కార్డు కింద లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

ఇంకోటి, ఒక్కోసారి అది నడినెత్తి దాటాక, ఆకాశం సగంలోనే, మెల్లగా ఎర్రబారి ఆరిపోతుంది. ఫోన్ పాడైందని కంగారుపడకండి. స్టేషన్ భూమి నీడలోకి వెళ్లింది, అక్కడ ఇప్పుడే సూర్యాస్తమయం అయింది.